వేదిక మీద రాజు, వీధిలో మామూలు మనిషి
(కొలోన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కొలోన్‌లో నా ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం. పాటల కార్యక్రమానికి ముందు పది నిమిషాలు ఇచ్చారు. భోజనాలకు ఆలస్యం చేయనని ముందే మాట ఇస్తున్నాను.

డాకర్ 2013లో వచ్చింది. ఒక ప్రోగ్రామును దాని సరంజామాతో సహా ఒక పెట్టెలో సర్ది ఏ సర్వర్ మీదనైనా నడిపించవచ్చు. ఆ పెట్టే కంటైనర్. చిక్కేమిటంటే, ఈ పెట్టెలను తెర వెనుక నుంచి నడిపే ప్రోగ్రాము మామూలుగా రూట్‌గా, అంటే సర్వాధికారాలతో ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో రన్‌సీ లోపం బయటపడింది. పెట్టెలోని దొంగ ప్రోగ్రాము బయట ఉన్న రన్‌సీ ఫైలునే మార్చేసి, మొత్తం యంత్రాన్ని చేజిక్కించుకోగలదు. ఆ వారం నాకు సరిగా నిద్ర లేదు.

దీనికి విరుగుడు రూట్‌లెస్ పద్ధతి. పద్యనాటకాలు చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. వేదిక మీద దుర్యోధనుడు సార్వభౌముడు. అదే కిరీటంతో బయటికొచ్చి టీ అడిగితే కొట్టువాడు డబ్బులిమ్మంటాడు! లినక్స్‌లో యూజర్ నేమ్‌స్పేస్ చేసేది ఇదే: పెట్టె లోపల రూట్, బయట మామూలు యూజరు. డాకర్‌లో ఇది 2020 చివర ప్రయోగదశ దాటింది.

మా ఆఫీసులో నేనే పట్టుబట్టి మార్పించాను. మొదటి శుక్రవారం సాయంత్రం లాగౌట్ చేసి ట్రామెక్కి ఇంటికి వెళ్ళాను. నా వెనకే కంటైనర్లన్నీ ఆగిపోయాయి. మామూలు యూజరు వెళ్ళిపోతే అతని పనులను కూడా సిస్టమ్‌డీ ఆపేస్తుంది. ‘లింగర్’ అనే ఒక్క ఆదేశం ముందే ఇచ్చి ఉంటే సరిపోయేది. శని, ఆదివారాల్లో రావలసిన ఆర్డర్లు పోయాయి. సోమవారం మా పెద్దాయన ఒక్క మాటా అనలేదు; తిట్టినా బాగుండేది.

తరవాత మిగతావి ఒక్కొక్కటే తెలిశాయి. 1024 కంటే తక్కువ నంబరు పోర్టులు మామూలుగా దొరకవు. నెట్‌వర్క్ కొంత నెమ్మదిస్తుంది. ఫైళ్ళ యజమాని స్థానంలో 1,00,999 వంటి ఊరూ పేరూ లేని అంకె కనిపించేసరికి, మా బ్యాకప్ వాటిని చదవలేక చేతులెత్తేసింది. ఇంకో మెలిక: ఈ నేమ్‌స్పేస్ వల్ల మామూలు యూజర్లకు కూడా కెర్నెల్‌లో కొన్ని కొత్త తలుపులు తెరుచుకుంటాయి. 2022లో బయటపడ్డ ఒక కెర్నెల్ లోపాన్ని వాడుకునే దారి అదే. ఉబుంటు 24.04 దీనికి ముందే కళ్ళెం వేసి వస్తుంది.

అయినా, ఎవరెవరో రాసిన కోడు నడిచే యంత్రాల మీద రూట్‌లెస్సే ఉండాలన్నది నా పట్టు. వేగమే ప్రాణమైన డేటాబేసును మాత్రం పాత పద్ధతిలోనే వదిలేశాను. దాని పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. ఒకరు ఆ పెద్దాయన.