రంగునీటి శుద్ధి



బడిలో నేను ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు ‘తేటనీరే మంచినీరు’ అని బోధించితిని. ఆ మాట సగమే సత్యమని పిదప తెలిసికొంటిని. నేఁటి ప్రసంగమున ఆ మిగిలిన సగమును విన్నవింతును.

పూర్వము మన అద్దకపువారు నీలిమందుతోను, చిరివేరుతోను రంగులు వేసెడివారు. 1856వ సంవత్సరమున పెర్కిన్ అను ఆంగ్ల యువకుఁడు కృత్రిమమైన ఊదారంగును కనుగొనెను. అది మొదలు కృత్రిమవర్ణములు ప్రబలినవి. ఇవి యెండకును, ఉదుకునకును వెలిసిపోకుండునట్లు కల్పింపఁబడినవి. బట్టపై నేది గుణమో, నీటిలో నదియే దోషము. సూక్ష్మజీవులు వీనిని సులభముగా జీర్ణించుకొనలేవు. తొట్టిలోని రంగంతయు నూలునకు పట్టదు; పట్టనిది కడుగునీటితో వెడలిపోవును.

తమిళదేశమున నొయ్యల్ నదిపై 1992లో సేద్యమునకై కట్టిన ఒరత్తుపాళయము జలాశయము తిరుప్పూరు రంగునీటికి మడుగై, రైతులకు కొఱగాకపోయెను. 2011 జనవరిలో మదరాసు హైకోర్టు అచటి అద్దకపు కర్మాగారములను మూయుఁడని ఆజ్ఞాపించెను.

ఇఁక శుద్ధిమార్గము. ఇనుప లవణమును హైడ్రోజన్ పెరాక్సైడుతోఁ జేర్చినచో తీవ్రమైన ఆక్సీకరణశక్తి పుట్టునని 1894లో ఫెంటన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుఁడు ప్రకటించెను. ఆ లవణమునకు బదులు సూదంటురాయి పొడిని వాడవచ్చునని పిమ్మట శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రంగునీటిని ఇంచుమించు చింతపండు పులుసంత పుల్లగాఁ జేసి, ఈ పొడిని, పెరాక్సైడును కలుపుదురు. రాతిలోని యినుము పెరాక్సైడును చీల్చును. అప్పుడు పుట్టెడు హైడ్రాక్సిల్ కణము క్షణమైనను నిలువదు గాని, ఎదురుపడిన రంగు అణువును విఱుచును. రంగునిచ్చు బంధము తెగినంతనే నీరు తేటపడును. లవణమును వాడినచో ఇనుపమడ్డి విస్తారముగా మిగులును. రాతిపొడిని అయస్కాంతముతో వెలికిఁ దీసి మరల వాడవచ్చును. అయితే ఈ పని కొంత మెల్లగా సాగును.

ఇచటనే జాగ్రత్త వలయును. రంగు పోయినంత మాత్రమున విషము పోయినదని తలఁపరాదు. అణువు సగము విఱిగినచో కంటికిఁ గానరాని హానికర శకలములు మిగులవచ్చును. అద్దకమున వేసిన ఉప్పు ఈ క్రియచేఁ బోదు. పులుపును సున్నముతో విఱుచవలెను, మడ్డిని వేఱుచేయవలెను. పెరాక్సైడు చర్మమును కాల్చును. కావున ఇది యిండ్లలో చేయఁదగిన పని కాదు, నేర్చినవారు చేయవలసినది.

గ్రామపెద్దలారా! మీ యూరి దాపున అద్దకపుశాల వెలసినచో యజమానిని మూఁడు ప్రశ్న లడుగుఁడు: నీటిని దేనితో శుద్ధి చేయుచున్నావు? ఉప్పును, మడ్డిని ఎచటికిఁ బంపుచున్నావు? విడుచు నీటిని పరీక్షించిన పత్ర మేది? తేటనీటిని చూపి సరిపుచ్చఁబోయినచో అంగీకరింపకుఁడు. నేతగాని జీవనమును నిలువవలెను, రైతు బావియు నిలువవలెను.