మంచులో బేరము

ఒక యిల్లాలిని పట్టపగలు ఇంటనుండి ఎత్తుకొనిపోవుదురు. ఇందులో నవ్వునకు చోటెక్కడ? ఈ సందేహముతోనే 1996లో విడుదలయిన ‘ఫార్గో’ అను అమెరికా చలనచిత్రమును చూడ కూర్చుంటిమి. పలుమార్లు నవ్వితిమి. ఆ నవ్వును గూర్చియే శ్రోతలతో నాలుగు మాటలు చెప్పదలచినాము.

దీనిని తీసినవారు జోయెల్ కోయెన్, ఈథన్ కోయెన్ అను సోదరులు. వారి స్వస్థలము మినెసోటా రాష్ట్రము. కథయు చాలవరకు అచ్చటిదే. ఇది నిజముగా జరిగిన కథయని తెరపై మొదటనే అక్షరములు కనబడును. అదియును ఒక టోకరాయే, కథ కల్పితము.

మినియాపొలిస్ నగరమున జెర్రీ అను నతడు మామగారి మోటారుకార్ల దుకాణములో అమ్మకముల అధికారి. డబ్బునకు పీకలమీదికి వచ్చినది. మామ ధనవంతుడే కాని అల్లుని నమ్మడు. అందుచే జెర్రీ తన భార్యనే దొంగలచే ఎత్తించి, మామచేత సొమ్ము కక్కింపదలచినాడు. దుకాణములో జైలుకు పోయివచ్చిన మెకానిక్ ఒకడు గలడు. వానిద్వారా మనుష్యులు కుదిరిరి. ఇద్దరిలో ఒకడు వాగుడుకాయ, రెండవవాడు నోరు విప్పనివాడు.

ఇక బేరము వినుడు. దొంగలకు చెప్పిన మొత్తము 80,000 డాలర్లు. అందు సగము వారిది, పైగా ఒక క్రొత్త కారు. మామకు చెప్పినది 10 లక్షల డాలర్లు! పశువుల సంతలో తుండుగుడ్డ క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడు దళారి సైతము ఇంతటి తేడాకు జంకును.

క్రొత్త కారునకు నంబరు పలక లేదు. ఆ చిన్న లోపమునకే బ్రెయినర్డ్ పట్టణ సమీపమున పోలీసు ఆపినాడు. మాటలవాడు లంచమునకు దిగినాడు, మౌని తుపాకి పేల్చినాడు. దారినపోవుచు చూచిన పాపమునకు మరి యిద్దరు బలియైరి. తెల్లవారి ఆ మంచులో జాడలు చూచి జరిగినదంతయు చదివినది ఏడునెలల గర్భిణియైన పోలీసు అధికారిణి మార్జ్. ఈ పాత్రను ధరించిన ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్‌కు 1997లో ఉత్తమ నటిగా ఆస్కార్ బహుమతి లభించినది. అధికారము చెలాయింపని అధికారిణిని తెరపై చూచుట మాకు హాయిగా తోచినది.

అయినను మమ్ము విడువనిది వేరొక దృశ్యము. ముసుగుతో, కట్టిన చేతులతో ఆ యిల్లాలు కారు దిగి మంచులో గ్రుడ్డిగా పరుగెత్తును, తూలును, పడును. వాగుడుకాయ విరగబడి నవ్వును. వానితోపాటు మేమును నవ్వితిమి. పిమ్మట ఎవరి లెక్కలో వారు పడిరి. మామ సొమ్మునకు బేరమాడును. అల్లుడు అంకెలు దాచును. వాగుడుకాయ కారు నిలిపినందుకు నాలుగు డాలర్లీయవలసివచ్చెనని కాపలావానితో కలహించును. తల్లి యేమగునో యని కుమిలిపోయినవాడు ఆమె కొడుకొక్కడే. అతనికి తండ్రి చెప్పినది, ఎవరితోను మాటలాడవద్దని!

ఆమె చావు తెరపై కనబడదు. ఒకడు తిరిగివచ్చి చూచునప్పటికే ఆమె నేలపై పడియున్నది. ఎందుకన, అరచినదట. రెండవవాడు టెలివిజన్ ముందు భోజనము చేయుచున్నాడు. ఆమెను మేమెప్పుడు మరచితిమో అప్పుడు మాకు తెలిసినది. నవ్వు గొంతులో అడ్డుపడినది.

అంతలో ఆ యిద్దరికి కారులో సగము విలువ యెవరు ఎవరికీయవలెనని తగవు. దానికై ఒకడు గొడ్డలికి బలి. చచ్చినవాడు అంతకుముందే 10 లక్షల పెట్టెను చేజిక్కించుకొని, 80,000 మాత్రము తీసి, తక్కినది దారిప్రక్క కంచె మొదట మంచులో పూడ్చినాడు. గుర్తుగా కారు అద్దముపై మంచు గీకు పరికరమును నాటినాడు. ఇరువైపుల చూచిన కంచె అంతయు ఒక్కటే తీరు. తోడుదొంగకు సైతము ఆ సంగతి చెప్పలేదు. చిత్రము ముగియువరకు ఆ 9 లక్షల 20 వేలను గూర్చి మరియెవరును అడుగరు.