పశువు మేనిలోని క్రొవ్వు – దాని జమాఖర్చు



వరిగడ్డియు, దోసెడు తవుడును, కుడితియు తప్ప వేరొక రుచి యెరుగని గేదె ఉదయ సాయంకాలములు పాలతోపాటు నేతిని కూడ ఇచ్చుచున్నది. ఆ గడ్డిని గానుగలో వేసి దినమెల్ల త్రిప్పినను చమురుబొట్టు రాలదు. మరి ఆ నేయి ఎక్కడిది? ఈ ప్రశ్న ఇంటింటను ఉన్నదే గాని అడిగినవారు అరుదు. అడిగి, త్రాసు పట్టి, లెక్క వ్రాసి, తగిన సమాధానము రాబట్టుటకు ఐరోపా ఖండమున అరువదియేండ్లకు పైగా పట్టినది. ఆ కథయే నేటి ప్రసంగ విషయము.

మన పూర్వులు క్రొవ్వును మేదస్సనిరి. రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అను సప్తధాతువులలో ఒక్కొక్కటియు తన ముందరి ధాతువు పక్వమగుటచే కలుగునని ఆయుర్వేదము చెప్పుచున్నది. అనగా మాంసమునుండి మేదస్సు పుట్టునని భావము. ఈ క్రమమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. జర్మనీ దేశపు పండితుడొకడు ఇంచుమించు ఇదే మాటను పట్టుకొని ఎట్లు చిక్కుపడెనో ముందు తెలియగలదు.

1840 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున డ్యూమా, బూసింగాల్ట్ అను ఇరువురు రసాయన శాస్త్రజ్ఞులు ప్రసిద్ధులు. జంతువునకు క్రొవ్వును తయారుచేయు శక్తి లేదనియు, చెట్టుచేమలు చేసిన చమురునే అది మేతతో లోనికి తీసికొని దాచుకొనుననియు వారి మతము. జర్మనీలో గీసెన్ నగరమునందున్న లీబిగ్ దీనిని ఒప్పుకొనలేదు. పిండిపదార్థమును, చక్కెరను జంతువు తన దేహములోనే క్రొవ్వుగా మార్చుకొనునని 1842లో ఆయన ప్రకటించెను. అందుకు చూపిన దృష్టాంతములలో ఒక బాతు కలదు. నాలుగు పౌన్ల బక్కబాతునకు 36 దినములు 24 పౌన్ల మొక్కజొన్నలు పెట్టగా అది ఐదు పౌన్లు పెరిగినది. కోసి చూడగా మూడున్నర పౌన్ల క్రొవ్వు దొరకినది. మొక్కజొన్నలలో నూటికి నాలుగైదు పాళ్లే చమురు గనుక ఆ మేతలో ఇంచుమించు ఒక పౌను చమురే యుండును. మిగిలినది ఎచ్చటినుండి వచ్చెను?

మొక్కజొన్నలలో లీబిగ్ అనుకొన్నదానికంటె చాల ఎక్కువ చమురున్నదని ఫ్రెంచివారు బదులు చెప్పిరి. వాదము ముదిరినది. ఇంతలో తేనెటీగలు సాక్ష్యమునకు వచ్చినవి. జెనీవాకు చెందిన హ్యూబర్ అను అంధుడు, తేనెయు చక్కెరయు మాత్రమే ఆహారముగా ఇచ్చినను ఈగలు మైనము చేయునని అంతకు చాల పూర్వమే కనిపెట్టియుండెను. డ్యూమా 1843లో మిల్నె ఎడ్వర్డ్స్‌తో కలిసి దానిని మరల పరీక్షించి నిజమేనని ఒప్పుకొనెను. బూసింగాల్ట్ అంతకంటె పెద్దమనిషి తనము చూపెను. ఆయనకు అల్సేసు సీమలో సొంత వ్యవసాయముండెను. బాతులను, పందులను మేపి, చంపి, తూచి, పెరిగిన క్రొవ్వు మేతలోని చమురును మించియున్నదని 1845లో తన చేతితోనే ప్రకటించెను. తన మాటకు తానే విరుద్ధముగా సాక్ష్యము చెప్పుట సామాన్యమైన పని కాదు.

ఇచ్చట లెక్కకు సంబంధించిన ఒక చిక్కు కలదు. అదియే ఈ కథకు ఆయువుపట్టు. ఏ చిట్టా వ్రాయవలెనన్నను వెనుకటి నిలువ ఎంతో తెలియవలెను. నేటి జమ తెలిసినను, నేటి ఖర్చు తెలిసినను, వెనుకటి నిలువ తెలియనిచో పద్దు నిలువదు. మేపుటకు పూర్వము పశువు మేన ఎంత క్రొవ్వున్నదో ఎట్లు తెలియును? కోసి చూడవలెను. కోసిన పశువును మరల మేపుటెట్లు?

ఇంగ్లండులో రోతంస్టెడ్ అను చోట లాస్ అను భూస్వామియు, గిల్బర్ట్ అను రసాయన శాస్త్రజ్ఞుడును 1843 మొదలు కలిసి పనిచేయుచుండిరి. 1900లో లాస్ మరణించువరకు, అనగా 57 ఏండ్లు, ఆ జంట విడిపోలేదు. గిల్బర్ట్ లీబిగ్‌కు శిష్యుడు; అయినను ఎరువుల విషయమున గురువుతో గొప్ప వివాదము పెట్టుకొన్నవాడు. క్రొవ్వు విషయమున మాత్రము అతని త్రాసు గురువు పక్షముననే మొగ్గినది. వారు ఒకే ఈతలో పుట్టి, ఇంచుమించు సమానముగ తూగు రెండు పందులను తీసికొనిరి. ఒకదానిని వెంటనే చంపి దాని దేహమునందలి క్రొవ్వునంతయు కొలిచిరి. అది రెండవదాని వెనుకటి నిలువ. ఆ రెండవదానిని పదివారములపాటు, గుణము తెలిసిన మేతను తూచి పెట్టుచు బలిపించి, పిదప చంపి కొలిచిరి. మేతయందు 100 పాళ్లు చమురుండగా దేహమున చేరిన క్రొవ్వు 472 పాళ్లయినది! జమకంటె నిలువ నాలుగు రెట్లకు మించి పెరిగినచో, జమ పద్దులో మరియొక పేరున వచ్చిన సొమ్మేదో ఉన్నదనుట నిశ్చయము.

పంది పేరు విని ముక్కు మూసికొను పెద్దలు క్షమింపవలెను. ఒక ఈతలో అనేకమైన పిల్లలు, ఒకే పొట్ట, శీఘ్రముగా బలియు స్వభావము – ఈ మూడు గుణములును కూడి యున్నందున ఈ శాస్త్రమునకు అది చేసిన ఉపకారమింతంత కాదు.

ఆ జంటయే ఎద్దు, దూడ, గొర్రె, పంది మొదలగు పది జంతువులను వెండ్రుకతో సహా విడదీసి కొలిచి 1859లో ఫలితములను ప్రచురించినది. బలియని పందిలో నూటికి 23.3 పాళ్లు క్రొవ్వు, 55.1 పాళ్లు నీరు. బలిసిన పందిలో 42.2 పాళ్లు క్రొవ్వు, 41.3 పాళ్లు నీరు. మిక్కిలి బలిసిన గొర్రెలో 45.8 పాళ్లు క్రొవ్వే! పశువు బలియుచున్నకొలది దేహమున నీటిపాలు తగ్గి ఆ చోట క్రొవ్వు చేరునన్నమాట.

అంతటితో వాదము తీరలేదు. చమురు పేరున రాని ఆ సొమ్ము పిండి పేరున వచ్చినదా, మాంసకృత్తుల పేరున వచ్చినదా? మ్యూనిక్ నగరమున వోయిట్ అను మహాపండితుడు మాంసకృత్తులే మూలమని పట్టుపట్టెను. మన సప్తధాతువుల క్రమము జ్ఞప్తికి వచ్చుచున్నది గదా! ఆయన సామాన్యుడు కాడు. ఆ నగరమున పెట్టెన్‌కోఫర్ ఒక గదిని నిర్మించియుండెను. అందుండు ప్రాణి విడుచు ఊపిరిని సైతము కొలువవచ్చును. అంతవరకు చిట్టాలకెక్కక గాలిలో పోవుచున్న ఖర్చు దానితో పద్దుకెక్కినది. అంతటి సాధనము చెంతనున్నను, కుక్కకు మాంసము పెట్టి పొందిన ఫలితములను అన్ని జంతువులకును అన్వయించుట వోయిట్ చేసిన పొరపాటు.

దానిని సరిదిద్దినది మన వరియే. 1881లో సాక్స్‌లెట్ అను నతడు ఆ మ్యూనిక్‌లోనే పందులకు బియ్యము పెట్టి చూచెను. బియ్యములో చమురు అత్యల్పము, మాంసకృత్తులు కొంచెము, తక్కినదంతయు పిండి. వెనుకటి నిలువ కొరకు ఒకదానిని ముందే చంపి, మిగిలినవానిని మేపి కోయగా, బియ్యములోని చమురంతయు, మాంసకృత్తులంతయు క్రొవ్వుగా మారినవనుకొన్నను లెక్కకు చాలని గొప్ప రాశి దొరకినది. అది పిండినుండి గాక వేరొక చోటినుండి వచ్చుటకు వీలులేదు. నేటికిని గింజలలో, మేతలో చమురెంతో తేల్చుటకు పరిశోధనాలయములందు వాడు గాజుపరికరము ఈ సాక్స్‌లెట్ పేరుననే చెల్లుచున్నది.

ఇంతవరకు పందులు, బాతులు. నెమరువేయు పశువుల మాట కెల్నర్ తేల్చెను. జపానులో ఉపాధ్యాయుడై వరిసాగును శోధించి, స్వదేశమైన జర్మనీకి మరలివచ్చి, లైప్జిగ్ సమీపమున మ్యోకెర్న్‌లో ఎద్దులను ఊపిరి కొలుచు గదులలో నిలిపి లెక్కలు కట్టిన మహనీయుడు. ఊపిరి, పేడ, మూత్రములలో ఎంత పోయినదో తెలిసిన పిదప దేహమున ఎంత మిగిలెనో కోయకయే లెక్కింపవచ్చును. జీర్ణమైన పిండి ఒక కిలోకు ఎద్దు మేన 248 గ్రాముల క్రొవ్వు చేరునని ఆయన తేల్చెను. మాంసకృత్తులకు 235 గ్రాములు, నూనెగింజల చమురునకు 598 గ్రాములు. ఈ లెక్కలనుండి 1905లో వెలువడిన ఆయన గ్రంథము అనేక దేశములలో దాణా కట్టుటకు ఆధారమైనది.

అయితే మనకు మిక్కిలి పనికివచ్చు మాట గడ్డిని గురించినది. గడ్డిని క్షారముతో ఉడికించి, పీచును మాత్రము వేరుచేసి పెట్టగా, ఆ పీచు ఎద్దు మేన పిండితో ఇంచుమించు సమానముగ క్రొవ్వు చేర్చెను. అదే పీచును మామూలు గడ్డిగా మేపినపుడు లెక్కించిన దానిలో స్వల్పభాగమే చేరినది. తక్కినది నమలుటకు, నెమరువేయుటకు, పొట్టలో త్రిప్పుటకు, వేడిగా పోవుటకు సరిపోయినది. సంపాదనయంతయు వసూలు ఖర్చులకే పోయిన చందమన్నమాట! కావుననే వట్టి గడ్డి తిను ఎద్దు కడుపు నిండినను ప్రక్కటెముకలు కానవచ్చును. గడ్డిని యూరియాతో పక్వము చేయు పద్ధతిలోని కిటుకు కూడ క్షారము చేసినదే: నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను ఏబది, అరువది లీటర్ల నీట కరగించి చల్లి, గాలి చొరకుండ మూడువారములు కప్పియుంచగా, అందు పుట్టు అమ్మోనియా పీచు బిగువును సడలించును. తొందరపడి యూరియాను కుడితిలో తోచినంత కలుపుట మాత్రము పశువు ప్రాణమునకే ముప్పు.

ఇక మొదట అడిగిన నేతి మాట. గేదె తిన్న పీచు మొదటి పొట్టలో కంటికి కానరాని సూక్ష్మజీవుల చేత పులిసి, ఆమ్లములుగా మారును. అందు ముఖ్యమైనది వినెగారునందలి పులుపే. 1944లో కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్ట్, ఫిలిప్సన్ మొదలగువారు ఈ ఆమ్లములు ఆ పొట్ట గోడలగుండ నేరుగ రక్తములో చేరునని చూపిరి. ఆ పులుపునుండియే పొదుగు వెన్నలో సుమారు సగము కట్టును. తక్కినది మేతలోని కొద్ది చమురునుండియు, దేహమునందలి క్రొవ్వునుండియు వచ్చును. కనుక వెన్న పెరుగునను ఆశతో గడ్డి తగ్గించి దాణాయే దట్టించువాడు వెన్నను తగ్గించుకొనును. తవుడు ఎంత మంచిదైనను పీచు చేయు పనిని చేయజాలదు.

ఈనిన తరువాత కొన్ని వారములు పాలధార హెచ్చును గాని ఆకలి అంత వేగముగ హెచ్చదు. ఆ దినములలో గేదె తన వీపుమీది నిలువను తీసి పాలలో పోయుచుండును. చూడితో ఉన్నపుడు మేత చాలక చిక్కిపోయి ఈనిన పశువునకు తీయుటకు నిలువ లేదు. పాలు త్వరలోనే తగ్గును, మరల ఎదకు వచ్చుట నెలల తరబడి ఆలస్యమగును. మితిమీరి బలిసి ఈనినదానికి వేరొక చిక్కు: ఆకలి మందగించి, క్రొవ్వు ఒక్కుమ్మడిగ కరగి కాలేయమునకు భారమగును. ఈనుటకు రెండు నెలల ముందే తుంటి ఎముకల మీదను, ప్రక్కటెముకల మీదను, తోక మొదటను చేయి వేసి నొక్కి చూచినచో ఆ వెనుకటి నిలువ ఎంతో తెలియును. అందుకు దేనిని కోయనక్కరలేదు.