నలుగురు విద్యార్థులు, ఒక వంటిల్లు

(ఇంటర్మీడియెట్ ముగించిన విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లవానికి పట్టణమున సీటు వచ్చినదనగానే ఇంటిల్లిపాదియు సంతోషింతురు. ఫీజు ఎంత, పుస్తకములకు ఎంత, బస్సు పాసుకు ఎంత అని విచారింతురు. ఆ పిల్లవాడు ఎవరితో కలిసి ఉండును, బియ్యము ఎవరు కొందురు, కరెంటు బిల్లు ఎవరు కట్టుదురు అను మాట మాత్రము అడుగువారు తక్కువ. వారిలో వారు చూచుకొందురులే అని విడిచిపెట్టుదురు. పరీక్షలు నెల దినములున్నవనగా మూట సర్దుకొని వేరొక గది వెదకుకొనవలసి వచ్చిన పిల్లలను మేమెరుగుదుము. ఆ తగవు పెద్ద విషయముపై వచ్చినది కాదు. పాల లెక్కపై వచ్చినది.

మన పెద్దల కాలమున పేద విద్యార్థులు వారములు చేసికొని చదువుకొనిరి. సోమవారము ఒకరి ఇంట, మంగళవారము మరియొకరి ఇంట భోజనము. అన్నము పెట్టిన తల్లి లెక్క అడుగలేదు. నేడు హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతములలో నలుగురైదుగురు విద్యార్థులు చేరి ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసికొని స్వయముగా వండుకొనుచున్నారు. ఇది మంచి పద్ధతియే. అయితే ఇక్కడ పెట్టువాడును తినువాడును ఒకడే కనుక లెక్క తప్పదు. స్నేహితుల మధ్య లెక్కలేమిటి అనువారు కలరు. లెక్క లేని చోటనే స్నేహము త్వరగా చెడునని మా అభిప్రాయము.

ఒక ఇంటి లెక్క చూతము. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల నుండి వచ్చిన నలుగురు కలిసియున్నారనుకొందము. అంకెలు మనము ఊహించినవే. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండును. నవంబరు నెలలో అద్దె 12,000 రూపాయలు. నీరు, చెత్త, నెట్టు కలిసి 1,600. ఈ 13,600 రూపాయలు ఎవరు ఉన్నను లేకున్నను కట్టవలసినవే. కావున ఇవి సమభాగములు, ఒక్కొక్కరికి 3,400.

బియ్యము, పప్పు, కూరలు, పాలు, గ్యాసు, కరెంటు కలిసి 9,900 అయినవి. దీనిని నాలుగుతో భాగించిన న్యాయమగునా? నల్లగొండ విద్యార్థి వరికోతలకు ఇంటికి పోయి పది దినములు లేడు. విశ్వవిద్యాలయముల హాస్టళ్లలో డివైడింగ్ మెస్ అను పద్ధతి చాలకాలముగా ఉన్నది. నెల ఖర్చును మనుష్యుల సంఖ్యతో కాక, అందరు భుజించిన దినముల మొత్తముతో భాగింతురు. మన లెక్కలో ముగ్గురు ముప్పది దినములు, ఒకడు ఇరువది దినములు, మొత్తము 110. దినమునకు 90 రూపాయలు వచ్చినది. ముగ్గురికి 2,700 చొప్పున, నల్లగొండ విద్యార్థికి 1,800. అద్దె మొదలగువానితో కలిపి ముగ్గురి వంతు 6,100. అతని వంతు 5,200. ఇందులకు గోడపై ఒక క్యాలెండరు, దానికి కట్టిన పెన్సిలు చాలును. లేని దినమున ఎవరి పేరునకెదురుగా వారే సున్న చుట్టుకొనవలెను. ఒక పూట లేకపోవుటను లెక్కింపవద్దని మా సలహా; అంత సూక్ష్మమునకు పోయిన ఇల్లు కచేరి అగును.

ఇక రైతు బిడ్డలు గమనింపవలసిన సంగతి ఒకటి గలదు. ఆ నల్లగొండ విద్యార్థి తిరిగి వచ్చునపుడు తండ్రి 26 కిలోల బియ్యము బస్సులో వేసి పంపెను. అందరు తినిరి. దుకాణమున చీటీ లేదు కనుక ఆ బియ్యము పద్దులోనికి ఎక్కలేదనుకొనుడు. అడుగుటకు పిల్లవానికి మొగమాటము. కిలో 55 రూపాయల చొప్పున ఆ బియ్యము వెల 1,430. దానిని విడిచిన యెడల పద్దులో తిండి ఖర్చు 8,470 మాత్రమే కనిపించును. దినమునకు 77 రూపాయలు. నెలయంతయు ఉన్న ముగ్గురు 5,710 చొప్పున ఇత్తురు. పది దినములు లేని ఇతడు 4,940 రొక్కముగా ఇచ్చి, బియ్యము కూడ పోగొట్టుకొనును. రెండును కలిపి 6,370. లేనివాడు ఉన్నవారి కన్న 660 రూపాయలు ఎక్కువ పెట్టినాడన్నమాట. అతడు ధనికుడు కాడు. ధనికుని బిడ్డ బస్సులో బియ్యము మోయడు. తండ్రి చెమటోడ్చి పండించిన గింజకు వెల లేదనుకొనుట ఏ స్నేహమునకును అలంకారము కాదు.

ఇంటి నుండి వచ్చిన బియ్యము, కందిపప్పు, నూనె ఏదైనను వచ్చిన దినముననే తూచి, పట్టణపు దుకాణములో మిగిలినవారు కొనవలసి వచ్చు ధరకు జమ వ్రాయుడు. కల్లములో అమ్మిన ధరకు కాదు. 'ఒక బస్తా' అని వ్రాయక కిలోలు వ్రాయుడు. 2022 జూలైలో 25 కిలోల వరకు గల ముద్ర వేసిన సంచులపై 5 శాతము జి.ఎస్.టి. వచ్చిన పిదప 26 కిలోల సంచులు బజారున కనిపించుట మీరెరుగుదురు. తల్లి పంపిన పచ్చడి జాడీకి వెల కట్టుమని మాత్రము మేము చెప్పము.

నెలాఖరున చేయవలసిన పని సులభము. ఖమ్మము విద్యార్థి అద్దె 12,000 కట్టెను. కర్నూలు విద్యార్థి 5,600, మహబూబ్‌నగర్ విద్యార్థి 4,470 ఖర్చుపెట్టిరి. నల్లగొండ విద్యార్థి పేర బియ్యము 1,430 జమ. మొత్తము 23,500 సరిపోయినది. ఎవరి వంతులో నుండి వారు పెట్టినది తీసివేయగా, ఖమ్మము విద్యార్థికి 5,900 రావలెను. నల్లగొండ నుండి 3,770, మహబూబ్‌నగర్ నుండి 1,630, కర్నూలు నుండి 500. మూడు చెల్లింపులతో ముగిసెను. ఫోనులో పంపిన సొమ్మునకు ఆనవాలు దానంతట అదే ఉండును.

అయితే ఇందులో ఒక లోపమున్నది. ఖమ్మములోని ఒక తండ్రి నెలయంతయు ముగ్గురు పరుల బిడ్డలకు అప్పిచ్చినవాడగుచున్నాడు. ఆయనకు అది తెలియనుకూడ తెలియదు. అందుచేత ప్రతి నెల అయిదవ తేదీలోగా నలుగురును ఆరేసి వేల రూపాయలు ముందుగా జమచేసి, అందులో నుండియే అద్దె కట్టి, మిగిలినది వాడుకొనుట మేలు. సొమ్ము దాచువాడు ఒకడు, పద్దు వ్రాయువాడు మరియొకడు కావలెను. నెలకొకరు మారవలెను. తల్లిదండ్రులు కూడ సొమ్మును పదవ తేదీకి కాక మూడవ తేదీకి పంపిన యెడల సగము చిక్కులు తొలగును.

కరెంటు విషయము కొంత చెప్పవలెను. వెయ్యి వాట్ల సాధనము ఒక గంట నడచిన ఒక యూనిట్టు. 1,500 వాట్ల హీటరుతో ఇరువది నిమిషములు నీళ్లు కాచిన అర యూనిట్టు. నలుగురికి దినమునకు రెండు, నెలకు 60 యూనిట్లు. వాడకము పెరిగినకొలది యూనిట్టు ధరయు శ్లాబుల ప్రకారము పెరుగును. ఇద్దరికి సరిపడు నీళ్లు ఒకేసారి కాచుకొనుట పిసినారితనము కాదు. సబ్ మీటరు ఉన్న ఇంటిలో చేరిన దినముననే అంకెను ఫోటో తీసి, యూనిట్టుకు ఎంత పుచ్చుకొందురో యజమానిని అడిగి వ్రాసికొనుడు. గ్యాసు కొరకు చిరునామా పత్రము లేనివారికి గుర్తింపు పత్రముపై 5 కిలోల చిన్న బండ దొరకును. కిలో లెక్కన 14.2 కిలోల ఇంటి బండ కన్న అది ప్రియము. కావున పెద్ద బండకు దారి ఉన్నదేమో ముందు విచారింపుడు. కూరగాయలకు, 1999 నుండి నడచుచున్న రైతుబజారులను మరువకుడు.

నలుగురి చేతిలోని సొమ్ము సమానముగా ఉండదు. ఒకరికి నెలకు పది వేలు వచ్చును. ఒకరికి ఆరు వేలు వచ్చుటయే కష్టము. ఇంటి ఖర్చును అందరిలో తక్కువ రాబడి గలవానిని బట్టి నిర్ణయింపవలెను. వారమునకు రెండుసార్లు కోడికూర కావలెననువారు దాని ఖర్చు వారే పెట్టుకొనవచ్చును. కూలరు తెచ్చినవాడు దాని కరెంటు పెట్టుకొనవచ్చును. సొమ్ము తక్కువ ఇచ్చువానిచే వంట చేయించుకొను ఏర్పాటు కొన్ని ఇళ్లలో గలదని విన్నాము. చదువుకొనుటకు వచ్చినవానిని వంటవానిగా చేయుట మాకు సమ్మతము కాదు. వంట వంతులవారీగా అందరును చేయవలెను. ఆడపిల్లల ఇళ్లలో ఈ చిక్కు తక్కువ, కాని కళాశాలకు దగ్గర ఇల్లు కావలసి వచ్చుటచే అద్దె ఎక్కువగుట గలదు. ఆ ఎక్కువ అద్దె భద్రత కొరకని ఎంచి తల్లిదండ్రులు వెనుదీయరాదు.

మిగిలినది అడ్వాన్సు. చేరునపుడు యజమానికి ఎవరెంత ఇచ్చిరో నలుగురును సంతకము చేసిన కాగితము ఒకటి ఉండవలెను, ఇంటి యజమాని ఇచ్చిన రసీదు దానితో ఉంచవలెను. నడుమ ఒకడు వెడలిపోయిన, అతని స్థానమున వచ్చువాడు ఆ భాగమును వెడలువానికే ఇచ్చి చేరవలెను. ఎవరును దొరకకున్న ఎన్ని దినముల వరకు అతడు అద్దె భాగము భరింపవలెనో మొదటి దినముననే నిర్ణయించుకొనుడు. ఒక నెల అనుట ఇరువురికిని న్యాయముగా కనిపించుచున్నది.

మేము చెప్పిన నవంబరు లెక్క నమూనా కాగితములు ద్వారము వద్ద బల్లపై ఉన్నవి. ఇంటికొకటి తీసికొని, ఈ రాత్రియే తండ్రియు బిడ్డయు కూర్చుండి మీ అంకెలు వేసి చూచుకొనుడు.