తండ్రి తొడపై చోటు



ధ్రువోపాఖ్యానం మీ అందరికీ తెలిసినదే. ఆ కథ చెప్పుకొనేటప్పుడు మనం తపస్సు దగ్గర, నక్షత్రపదం దగ్గర ఆగిపోతాం. నాకు మాత్రం ముందుగా కనబడేది తండ్రి తొడ.

ఉత్తానపాద మహారాజు సురుచి కుమారుడైన ఉత్తముని ఒడిలో కూర్చుండబెట్టుకొని లాలిస్తున్నాడు. ఐదేండ్ల ధ్రువుడు తానూ ఎక్కబోయాడు. సురుచి అడ్డగించింది. ఆ చోటు కావాలంటే శ్రీహరిని ఆరాధించి, తన కడుపున పుట్టమన్నది. రాజు వింటూనే ఉన్నాడు, పెదవి విప్పలేదు. ఆ మాటకంటె ఈ మౌనమే పసివానిని ఎక్కువ గాయపరచి ఉంటుందని నా తలంపు. మేనమామగారింట పెరిగినవాడిని గనుక అలా అనిపిస్తుందేమో! వారు నాకేమీ లోటు చేయలేదు. అయినా పండుగనాడు మామయ్య తన పిల్లలను దగ్గరకు తీసుకొంటుంటే నేను స్తంభం చాటున నిలబడేవాడిని.

ఏడుస్తూ వచ్చిన బిడ్డతో సునీతి సవతిని నిందించలేదు. పరులకు కీడు తలపవద్దన్నది. శ్రీహరిని ఆరాధించమన్న పినతల్లి మాట సత్యమేనన్నది. ములుకువంటి ఆ పలుకులోనుండి మేలైన దానిని మాత్రమే ఏరి బిడ్డ చేతికిచ్చిన తల్లి ఆమె.

దారిలో నారదుడు ఎదురై, పసివాడవు, మానావమానాలు నీకెందుకు, ఇంటికి మరలిపొమ్మన్నాడు. ధ్రువుడు దాచుకోలేదు. మీ ఉపదేశం మంచిదే, కాని పినతల్లి మాటలకు చీలిన నా హృదయంలో అది నిలువదన్నాడు. అంతటి మహర్షి ఎదుట అంత నిజం పలకడం అడవికి వెళ్లడంకంటె పెద్ద ధైర్యం. మహర్షి కరిగి ద్వాదశాక్షరీ మంత్రాన్ని అనుగ్రహించాడు. యమునాతీరాన మధువనంలో బాలుడు తొలి మాసం మూడు రాత్రులకొకసారి వెలగపండ్లు, రేగుపండ్లు తిని తపస్సు సాగించాడు. స్వామి ప్రత్యక్షమైనప్పుడు స్తుతించడానికి మాటలు రాలేదు. స్వామియే శంఖంతో చెక్కిలి తాకాడు.

ధ్రువుడు మరలి వచ్చిన దినం చూడండి. తండ్రి రథం దిగి పరుగున వచ్చి కౌగిలించుకొన్నాడు. సునీతి, సురుచి, ఉత్తముడు ఒకే పల్లకిలో ఎదురువచ్చారు. పాదాలపై వ్రాలిన బాలుని సురుచి లేవనెత్తి గుండెకు హత్తుకొని, గద్గదస్వరంతో జీవించుమని దీవించింది. అన్నదమ్ములిద్దరూ ఆలింగనం చేసుకొన్నారు.

చిరకాలం రాజ్యమేలిన తరువాత ధ్రువుని కొరకు దివ్యవిమానం దిగింది. దానిని అధిరోహించి, దీనురాలైన తల్లిని విడిచి ఎట్లా వెళ్లేదని అతడు చింతించాడు. విష్ణుపార్షదులు ముందుకు చూపారు. సునీతి మరొక విమానంలో, అతనికంటె ముందుగా సాగిపోతున్నది.