కాళ్ల తిమ్మిరి వాతమేనా?



ఒక వేసవిలో అమలాపురం ఎర్రవంతెన దగ్గర బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో, "అమ్మా, మీ చెప్పు అక్కడే ఉండిపోయిందండీ!" అని వెనకనుంచి ఒకావిడ కేకేసింది. చూసుకుంటే నిజమే. కాలిపోతున్న రోడ్డు మీద వట్టి పాదంతో నడుస్తున్నాననే నాకు తెలియలేదు. అప్పటికి నవ్వేసి చెప్పు తొడుక్కున్నాను గాని, ఇంటికి వచ్చాక భయం వేసింది.

అంతకు ఏడాది ముందునుంచే రాత్రిళ్లు అరికాళ్లలో చీమలు పాకినట్టుండేది. పగలు దూదిమీద నడిచినట్టుండేది. "వాతమే, వంకాయ మానెయ్యి" అన్నారు మా అత్తగారు. మానేశాను. కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాశాను. మన సీమలో కొబ్బరినూనెకి కరువేముంది! వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని కూడా. అది ఎంత ప్రమాదమో తరువాత తెలిసింది. స్పర్శ పోయిన కాలికి వేడి తెలియదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది. నీళ్లు మోచేతితో చూసుకున్నాకే కాలు పెట్టాలి.

తిమ్మిరికి అన్నిటికంటె ఎక్కువగా కనిపించే కారణం చక్కెర వ్యాధి. నాకు పరీక్షలో అది లేదన్నారు. రక్తం తక్కువగా ఉందని ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇచ్చారు. మూడు నెలల్లో రక్తం పట్టింది, మొహం తేటపడింది. ఇంట్లో అందరూ సంతోషించారు. కాళ్లు మాత్రం మరింత మొద్దుబారాయి.

చివరికి కాకినాడలో ఒక డాక్టరుగారు నా చీలమండ ఎముకమీద శ్రుతిదండం మోగించి ఆనించారు. అదురు తెలియలేదు. కళ్లు మూసుకుని నిలబడమంటే తూలిపోయాను. "అమ్మా, మీరు శాకాహారులా?" అని అడిగి, రక్తంలో విటమిన్ బి12 చూపించమన్నారు. అది అడుగంటిపోయి ఉంది.

ఇక్కడొక చిత్రం చెప్పాలి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందానికి నాయకుడు మన గోదావరి అవతలి ఒడ్డువాడే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఎందరికో ప్రాణం పోసిన మందు అది. కాని బి12 లోపించినవారికి అదొక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాల జబ్బు లోలోపల ముదురుతూనే ఉంటుంది. బి12ను విడదీసింది 1948లో. సుబ్బారావుగారు కన్నుమూసిన సంవత్సరమూ అదే.

ఈ బి12 కూరల్లో, పప్పుల్లో దొరకదు. చేపల్లో, మాంసంలో, గుడ్లలో ఉంటుంది, పాలల్లో, పెరుగులో కొంత ఉంటుంది. పులస తినేవాళ్లకి ఈ బెంగ తక్కువన్నమాట! మరి మన శాకాహారుల ఇళ్లలో ఏం జరుగుతోంది? ఇంటిల్లిపాదికీ గడ్డపెరుగు వడ్డించి, ఆఖరున గిన్నె కడిగిన మజ్జిగ మనం పోసుకుంటాం. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలోనూ ఇది తగ్గవచ్చు. వారు డాక్టరునడిగి పరీక్ష చేయించుకోవడం మంచిది.

తిండివల్ల కాళ్లు చచ్చుబడడం మన కోస్తాకి కొత్త కాదు. ఉత్తర సర్కారుల్లో బెరిబెరి ఎంత ఎక్కువగా ఉండేదంటే, 1835లో మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో దానిమీద ఒక గ్రంథమే ప్రచురించాడు. తెల్లగా మరపట్టిన పచ్చిబియ్యంలో తవుడుతోపాటు విటమిన్ బి1 పోతుందని తరువాతి కాలంలో తేలింది. ఉప్పుడు బియ్యంలో అది చాలావరకు నిలుస్తుంది. అందుకే ఆ బియ్యం తినే చోట్ల ఈ జబ్బు తక్కువ. మనకేమో అన్నం మల్లెపువ్వులా ఉంటేగాని విస్తరికి అందం రాదు.

ఇంకొక మాట, కొంచెం మెల్లిగా చెబుతాను. ఒంటిమీద పాలిపోయిన మచ్చగాని ఎర్రని మచ్చగాని ఉండి, అక్కడ గిల్లినా తెలియకపోతే దాచుకోకండి. అది కుష్ఠు కావచ్చు. పెళ్లి కావలసిన పిల్ల ఉందని మచ్చ మీద కొంగు కప్పుకునే తల్లులు ఇంకా ఉన్నారు. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

నా సంగతంటారా? సూదిమందులు మొదట వారం వారం, తరువాత నెలకొకటి. చీమలు పాకడం పోయింది. తూలడం తగ్గింది. ఎడమ బొటనవేలికి మాత్రం ఇంకా తడి, పొడి తెలియదు. రోజూ పడుకోబోయే ముందు చేతి అద్దం పెట్టుకుని పాదం అడుగు చూసుకుంటాను. మొన్న అందులో కొబ్బరి ఈనె ముక్క కనబడింది. ఎప్పుడు గుచ్చుకుందో ఏమో, నాకు తెలియనే తెలియదు.