పైరు తెగులు - పాడి పశువు చూలు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పే మాస్టరు బొగ్గుబాయి ఊళ్లో వ్యవసాయం మాట ఎందుకు ఎత్తినాడని మీరు అనుకోవచ్చు. మనలో చాలామందికి సుల్తానాబాద్, మంథని దిక్కున ఎకరమో రెండెకరాలో పొలం ఉన్నది. క్వార్టర్ల వెనక బర్రెలు, మేకలు ఉన్నయి. పన్నెండో శతాబ్దంలో అందలూసియాలోని ఇష్బీలియా నగరవాసి ఇబ్నుల్ అవ్వామ్ ‘కితాబుల్ ఫిలాహా’ అనే పెద్ద గ్రంథం రాసినాడు. అందులో చెట్ల జబ్బులూ ఉన్నయి, చివరి అధ్యాయాల్లో పశువుల పెంపకమూ ఉన్నది. నేను కూడా ఆ రెండూ కలిపే చెబుతాను.

వరిలో ఎండాకు తెగులు మీరు చూసే ఉంటరు. ఆకు కొస నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపు పాకి, ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. ఇది బూజు కాదు, బాక్టీరియా. జబ్బు ఆకును కోసి, కోసిన చోటును గ్లాసులోని తేట నీళ్ళలో ముంచితే కాసేపటికి పాలవంటి సన్నని ధార దిగుతుంది. బడిపిల్లలు కూడా చేయగల పరీక్ష ఇది. ఈ తెగులు ముదిరినంక మందు కొట్టి నయం చేయడం దాదాపు కుదరదు. దుకాణంలో బూజు మందు అంటగడితే పైసలు నీళ్ళపాలే.

నత్రజని ఎక్కువైన పొలంలో ఇది మరీ పెరుగుతుంది. 1999లో మూతపడ్డ మన రామగుండం ఎరువుల కర్మాగారం స్థానంలో 2021 నుంచి కొత్త ఫ్యాక్టరీలో యూరియా తయారవుతున్నది. సంతోషమే, కాని బస్తా దగ్గరలో దొరుకుతున్నదని ఇంకో బస్తా గుమ్మరించవద్దు. తెగులు కనబడితే యూరియా ఆపాలి, మడిలో నీళ్ళు తీసి ఆరబెట్టాలి. ఆ నీళ్ళు పక్క మడిలోకి పోనియ్యవద్దు.

మనం ఇష్టంగా తినే సాంబా మసూరి 1986లో బాపట్ల నుంచి వచ్చింది. రుచికి సాటి లేదు గాని ఈ తెగులుకు ఇట్టే లొంగుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ వారు, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వారు కలిసి, తట్టుకునే గుణమిచ్చే మూడు జన్యువులను దానిలోకి తెచ్చినారు. అందులో ఒకటి మొదట ఆఫ్రికా అడవి వరిది. మొక్కల డీఎన్ఏ పరీక్షించి, ఆ జన్యువులున్న వాటినే ఏరి, మళ్ళీ మళ్ళీ సాంబాతోనే సంకరం చేసినారు. అట్లా వచ్చిన ‘ఇంప్రూవ్డ్ సాంబా మసూరి’ 2008లో విడుదల అయింది. బియ్యం అదే సన్నబియ్యం. హైబ్రిడ్ కాదు గనుక రైతు తన విత్తనం తానే దాచుకోవచ్చు. అగ్గి తెగులు వేరే జబ్బు, దానికి ఈ మూడు జన్యువులు అడ్డం కావు.

ఇక పశువులు. ఆడవాళ్ళున్న సభలో ఎద, చూలు మాటలేమిటని ఒక పెద్దాయన నన్ను ముందే హెచ్చరించినారు. బర్రెలను చూసుకునేది ఆడవాళ్ళే గనుక వాళ్ళకే ముందు చెప్పాలె.

కరీంనగర్‌లో ఘనీకృత వీర్య కేంద్రం ఉన్నది. వీర్యం నింపిన సన్నని గొట్టాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు. బర్రెకు ఎద చాలాసార్లు మూగ ఎద, అరవదు. రాత్రిపూట వచ్చి పోతుంది. నైట్ షిఫ్టు నుంచి వచ్చే మనిషి ఇంట్లోకి పోయేముందు కొట్టం చూసి, తీగ లాంటి మాయ కనబడితే చెప్పాలి. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాడు పొద్దున సూది వేయించాలి.

చూలు కట్టిన తర్వాత చివరి నెలల్లో ఈసుకపోతే దిష్టి అని ఊరుకోవద్దు. అది బ్రూసెల్లోసిస్ కావచ్చు, మనిషికి కూడా అంటుతుంది. మాల్టా ద్వీపంలో బ్రిటిష్ సిపాయిలకు జ్వరం వచ్చి నెలల తరబడి వదలకపోయేది. 1887లో డేవిడ్ బ్రూస్ దాని సూక్ష్మజీవిని కనిపెట్టినాడు. 1905లో జమిత్ అనే మాల్టా వైద్యుడు అది మేకల నుంచి వస్తున్నదని తేల్చినాడు. మరుసటి ఏడు సిపాయిలకు మేకపాలు ఆపగానే రోగం పడిపోయింది.

మన దగ్గర జ్వరం వచ్చి పోతూ, రాత్రి చెమటలు, కీళ్ళు, నడుము నొప్పులుంటే బాయి పని వల్లనే అనుకుంటం. ఇంట్లో పశువులున్నా, ఖసాయి పని చేసినా ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. రక్త పరీక్షతో తెలుస్తుంది. పచ్చిపాలు పిల్లలకు తాపవద్దు, పొంగేదాకా కాచాలి. ఈసుకపోయిన దూడను, మావిని వట్టి చేతులతో ముట్టవద్దు, కుక్కలకు వేయవద్దు. సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. చూలుతో ఉన్న ఆడవాళ్ళను ఆ పనికి అసలే పంపవద్దు.

నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు జన్మలో ఒక్కసారి టీకా వేస్తారు. కేంద్ర ప్రభుత్వ పథకం కింద 2019 నుంచి ఉచితం. మగదూడలకు, చూలు బర్రెలకు వేయరు. మీ పెయ్య ఏ నెలలో పుట్టిందో గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకుంటే పశువుల దవాఖానాలో అడిగినప్పుడు తడుముకోనక్కర లేదు. సభ అయినంక నేను ఇక్కడే ఉంటాను, ప్రశ్నలుంటే అడగండి. ఖుదా హాఫిజ్.